తేటనీటిలో దాగిన ముప్పు

1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన హంటర్ కామ్లీ అనే వైద్యుడు ఒక వింతవ్యాధిని గురించి వైద్యపత్రికలో వెల్లడించాడు. పల్లెలలోని పసికందుల శరీరం నీలివర్ణం దాల్చేది. తీరా పరిశీలిస్తే, దోషం పోతపాలలో కలిపిన బావినీటిదని తేలింది.

ఆ నీటిలో నైట్రేటు అధికంగా ఉంది. శిశువు కడుపులో అది నైట్రైటుగా మారుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను, ప్రాణవాయువును మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మార్చివేస్తుంది. ఆరు నెలలు నిండని శిశువులకు ఈ ముప్పు ఎక్కువ. సకాలంలో గుర్తిస్తే వైద్యులు మిథిలీన్ బ్లూ అనే మందుతో ప్రాణం నిలుపగలరు.

పొలాలకు మితిమీరి వేసిన నత్రజని ఎరువులు, పశువుల పెంట, మరుగుదొడ్ల గుంటలు - వీటినుండి నైట్రేటు వాననీటితో భూమిలోకి ఇంకుతుంది. మన దేశంలో త్రాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. కాని 2023లో 440 జిల్లాలలో కొన్నిచోట్ల భూగర్భజలం ఈ హద్దు మీరినట్లు కేంద్ర భూగర్భజల మండలి కనుగొన్నది.

నైట్రేటుకు రంగు, వాసన లేవు. కాచిన నీరు క్షేమకరమని తల్లులు నమ్ముతారు. క్రిములు నశించే మాట నిజమే. కాని నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో నైట్రేటు మరింత చిక్కబడుతుంది. బిడ్డ మేలుకోరి చేసిన పనే కీడు తెస్తుంది!

కనుక పసిబిడ్డ ఉన్న ఇంట బావినీటిని, బోరునీటిని ముందుగా పరీక్ష చేయించాలి. ఆరు నెలలవరకు తల్లిపాలే పట్టితే బిడ్డకు ఆ నీటి అవసరమే ఉండదు.