ఔషధబలానికి అగ్రపూజయా?



బేస్‌బాల్ మనవారికి అంతగా పట్టని ఆట. అమెరికాలోని పిల్లల ఇళ్ళకు వెళ్ళివచ్చే నా వంటి వృద్ధులకు టీవీ పుణ్యమా అని కొంత పరిచయమైనది. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఈ క్రీడకు 'హాల్ ఆఫ్ ఫేమ్' అనే కీర్తిమందిరం ఉన్నది. అక్కడ కంచుఫలకం మీద తన రూపం నిలవడాన్ని మించిన మోక్షం ఆటగాడికి లేదు. ఓటు వేసేవారు పదేళ్ళ అనుభవమున్న క్రీడావిలేకరులు. నూటికి 75 వస్తేనే ప్రవేశం. ఆటతో పాటు నిజాయితీ, క్రీడాధర్మం, శీలం కూడా చూడాలని నియమావళిలోనే రాసుకున్నారు.

బారీ బాండ్స్‌కు 2022లో, పదవదీ చివరిదీ అయిన అవకాశంలో, నూటికి 66 మాత్రమే వచ్చాయి. మొత్తం 762 హోమ్‌రన్‌లు (మన సిక్సర్ వంటిదనుకోండి), అందులో 2001 ఒక్క ఏటనే 73. రెండూ నేటికీ ఎవరూ దాటని అంకెలు. అంతటివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం ఘోరమని గుండెలు బాదుకునేవారు ఆ దేశంలో చాలామంది. నాకు మాత్రం అందులో ఘోరమేమీ కనబడదు.

"ఉత్ప్రేరకాల ఊసు రాకముందే అతడు మహా ఆటగాడు" అంటారు. నిజమే, కాదనను. 1990, 92, 93లలో తన లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అతడే. కానీ 2000 వరకు ఒక్క ఏడాదిలో అతడు కొట్టిన గరిష్ఠం 49. ముప్పయ్యారేళ్ళు నిండి, తోటివారు కీళ్ళనొప్పులతో ఇంటిదారి పట్టే వయసులో అది 73 అయింది! బాల్కో అనే సంస్థ వ్యవహారంలో 2003లో గ్రాండ్ జ్యూరీ ముందు అతడు చెప్పినది పత్రికలకెక్కింది: తనకు ఇచ్చినది అవిసెనూనె అనుకున్నాడట. శరీరమే పెట్టుబడిగా కోట్లు గడించేవాడు నాలుక కింద ఏమి వేసుకుంటున్నాడో అడగలేదట! న్యాయానికి అడ్డుపడ్డాడని 2011లో పడిన తీర్పును 2015లో పైకోర్టు కొట్టివేసింది. సంతోషం. శిక్ష తప్పడానికి అది చాలును, పూజకు చాలదు.

"అందరూ వాడారు, అప్పట్లో నిషేధమే లేదు" అన్నది రెండవ వాదం. అమెరికా ప్రభుత్వం స్టెరాయిడ్లను 1990లోనే నియంత్రిత మాదకద్రవ్యాల జాబితాలో చేర్చింది. 1991లో నాటి బేస్‌బాల్ కమిషనర్ ఫే విన్సెంట్ జట్లకు నిషేధాన్ని లిఖితపూర్వకంగా తెలిపాడు. లేనిది పరీక్ష. శిక్షతో కూడిన పరీక్షలు వచ్చినది 2004లో. పర్యవేక్షకుడు లేని గదిలో చీటీ పెట్టి రాస్తే అది కాపీ కాకుండా పోతుందా? బడిలో జీవితం గడిపినవాణ్ణి, ఈ తర్కం నా దగ్గర చెల్లదు. అయినా అందరూ ఎక్కడ వాడారు?

ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ సంగతి చూడండి. 1992లో 35 హోమ్‌రన్‌లతో అతడు నేషనల్ లీగ్‌లో ప్రథముడు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1998లో, అదే లీగ్‌లో మార్క్ మెక్‌గ్వైర్ 70 కొట్టాడు. స్టెరాయిడ్లు వాడానని 2010లో తానే ఒప్పుకున్నాడు. ఈ మచ్చ పడని మెక్‌గ్రిఫ్ 493 దగ్గర ఆగిపోయాడు. ఏడు తక్కువ ఐదువందలు! ఉబ్బిన అంకెల పక్కన అతడి ముప్పయ్యయిదులు ఎవరికి ఆనుతాయి? విలేకరులు పదిసార్లు చూసి పదిసార్లూ పక్కన పెట్టారు. కడపట, 2022 డిసెంబరులో, పదహారుమంది సభ్యుల సంఘమొకటి ఏకగ్రీవంగా లోపలికి పిలిచింది. బాండ్స్‌ను, క్లెమెన్స్‌ను వద్దన్నదీ ఆ సంఘమే.

ఎదుటివారి వాదంలో నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టేది ఒకటున్నది. ఆ కాలమంతా కమిషనర్ పీఠం మీద కూర్చుని, స్టేడియాలు నిండుతుంటే కళ్ళు మూసుకున్న బడ్ సెలిగ్‌కు 2017లో అక్కడే ఫలకం పెట్టారు! 2007 నాటి మిచెల్ నివేదిక ఆటగాళ్ళతో పాటు కమిషనర్లకూ, జట్లకూ, ఆటగాళ్ళ సంఘానికీ బాధ్యత పంచింది. దొంగతనం ఇంటివాడి ఎరుకలోనే జరిగినప్పుడు ఇంటివాడికి శాలువా కప్పడమేమిటి? ఆ ఫలకాన్ని దించమంటే నేనూ చెయ్యెత్తుతాను. ఒక అనర్హుడు లోపలున్నాడు గనుక తక్కినవారినీ రానివ్వాలంటే మాత్రం ఒప్పను.

'మాన' శబ్దానికి కొలత అనీ, గౌరవమనీ రెండర్థాలు. రూపమొకటే, ధాతువులు వేరు. కొలతను చెరపమని నేననను. 762 పుస్తకాలలో ఉన్నది, ఉండనీయండి. సమ్మానం మాత్రం అడిగి పుచ్చుకునే బాకీ కాదు.

2025 డిసెంబరులో కూర్చున్న సంఘంలోనూ బాండ్స్‌కు, క్లెమెన్స్‌కు చెరి ఐదు ఓట్లైనా రాలేదు. కొత్త నియమం ప్రకారం 2028 పరిశీలనలో వారి పేర్లే ఉండవు. విభేదించే మిత్రులు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి. అయితే, 2019లో, తన చివరి అవకాశంలో, మెక్‌గ్రిఫ్‌కు నూటికి 40 కూడా ఎందుకు రాలేదో ముందు చెప్పి, ఆ తర్వాత బాండ్స్ మాట ఎత్తండి.