శ్రావణం ఒక్కటే చాలదు, దీపావళి దాకా ఆపి చూద్దాం



షోలాపూర్‌లో సాంచాల మీద పనిచేసే మనకు గటారి అమావాస్య అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆషాఢం చివరి రోజున మటన్ దుకాణాల ముందూ, మందు దుకాణాల ముందూ ఎంత వరస ఉంటుందో అందరం చూస్తున్నదే. మర్నాటి నుంచి శ్రావణం. మార్కండేయ స్వామి రథం కదిలే నెల కనుక మనలో చాలామంది చుక్క ముట్టరు. నెల తిరగగానే మళ్ళీ మొదలు. అంటే "మానడం మా వల్ల కాదు" అనే మాట నిజం కాదని ఏటేటా మనమే రుజువు చేస్తున్నాము.

మేము అడిగేది ఒకటే. ఈసారి ఆ నెలను దీపావళి దాకా సాగదీయండి. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం, మొత్తం మూడు నెలలు. జన్మంతా మానతామని దేవుడి ముందు ప్రమాణం చేయమనడం లేదు. మూడు నెలలు ఆపి, మీ ఒంటికి ఏం జరుగుతుందో మీరే చూసుకోండి.

ఈ మాట అనగానే "సేటు కూడా ఇదే అంటాడు గదా" అని కొందరు నవ్వుతారు. నిజమే. పగారు పెంచమంటే "పెంచితే తాగుడుకే పోతుంది" అనడం వాళ్ళకు అలవాటు. ఆ మాటకు మేము ఏనాడూ తలూపము. కూలి రేటు మన హక్కు, దాన్ని ఎలా ఖర్చు చేస్తామన్నది సేటుకు అక్కరలేని సంగతి. కాని 12 గంటలు సాంచాల మధ్య నిలబడే ఒళ్ళు సేటుది కాదు, మనది. దాని గురించి మనలో మనం మాట్లాడుకోకపోతే ఎవరు మాట్లాడతారు?

అందరూ చెప్పే మొదటి కారణం నిద్ర. "ఆ చప్పుడు చెవుల్లోంచి పోవాలంటే ఒక క్వార్టర్ పడాలి" అంటారు. మందు పడితే కన్ను త్వరగా మూతపడుతుంది, కాదనము. కాని అది దిగుతున్నకొద్దీ నిద్ర చెదిరిపోతుంది. సగం రాత్రి తర్వాత మెలకువ, దాహం, చెమట. పొద్దున లేచేసరికి పడుకోనట్టే ఉంటుంది. ఆ కళ్ళతో సాంచె దగ్గర నిలబడితే తెగిన పోగు కనపడదు, గుడ్డలో తప్పు పడుతుంది, పగారులో కోత పడుతుంది. ఆపిన మొదటి వారం పది రోజులు నిద్ర ఇంకా పాడవుతుంది, ముందే చెబుతున్నాము. చాలామంది అక్కడే "నాకు పడలేదు" అని వెనక్కి పోతారు. అది దాటితే చాలామందికి నిద్ర కుదురుకుంటూ వస్తుంది. నెల రోజులతో ఆపేస్తే ఆ సుఖం సరిగ్గా అనుభవంలోకి రాకముందే వదులుకున్నట్టు అవుతుంది.

ఇంకో మాట కూడా మనలో ఉంది, గొంతులో పడ్డ దూది మందుతో కొట్టుకుపోతుందని. దూది పోయేది ఊపిరితిత్తుల్లోకి, మందు పోయేది కడుపులోకి. రెండు దారులూ వేరు. దూదికి మందు ముక్కుకు గుడ్డ, కార్ఖానాకు గాలి. అది సేటు ఇవ్వవలసింది, దాని కోసం కొట్లాడదాం.

కాలేయం సంగతి కొంచెం ఆశ కలిగించేదే. తాగుడు వల్ల కాలేయానికి కొవ్వు పట్టిన దశలో ఆపితే కొన్ని వారాల్లోనే అది తేరుకోవడం మొదలుపెడుతుంది. గట్టిపడిపోయాక మునుపటిలా కాదు, అప్పుడు కూడా ఆపితే ఇంకా పాడవడం తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు అదీ కొంత దిగుతుంది. ఇక తంబాకు, గుట్కా నోట్లో ఉండగానే మందు తాగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. రెండూ కలిస్తే నోటి క్యాన్సర్ ప్రమాదం కూడిక లెక్కన కాదు, గుణకారం లెక్కన పెరుగుతుంది.

డబ్బు లెక్క మీకు తెలిసిందే. రోజుకు 150 రూపాయలు పోతుంటే 90 రోజులకు 13,500. బోనస్ చేతికొచ్చే దీపావళి నాటికి సేటు దగ్గర తీసుకున్న బాకీ కొంత తీరుతుంది. బాకీ ఉన్నవాడి నోరు రేటు గురించి లేవదని వేరే చెప్పాలా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ మన ఇళ్ళలోనూ చెప్పుకున్నారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సర్కారే సడలించింది. అందుకే మేము సర్కారు నిషేధం మీద ఆశ పెట్టుకోము.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు, పొద్దున చుక్క పడకపోతే చేతులు వణికేవాళ్ళు ఒక్కసారిగా ఇంట్లో ఆపకూడదు. ఆపిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనపడి, ప్రాణం మీదికి రావచ్చు. గటారి నాడు మునిగేదాకా తాగి మర్నాడు ఆపడం వీళ్ళకు మరీ ప్రమాదం. ఇది దెయ్యం కాదు, మంత్రగాడి పని కాదు. ముందుగానే సివిల్ హాస్పిటల్‌కు వెళ్ళి డాక్టరుకు ఎంత తాగుతారో దాచకుండా చెప్పండి. మందులతో నెమ్మదిగా దించుతారు. ఫోన్‌లో అడగాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416, పైసా ఖర్చు లేదు, రాత్రి కూడా పలుకుతుంది.

మూడు నెలల్లో కష్టమైన రోజు దసరా. జమ్మి ఇచ్చి దండం పెట్టిన బావగారే గ్లాసు కూడా చేతిలో పెడతారు. ఆ రోజుకు ముందే ఒకే కార్ఖానాలో నలుగురైదుగురు మాట అనుకుని ఉండండి. ఒక్కడు కాదంటే ఎగతాళి చేస్తారు, ఐదుగురు కాదంటే ఊరుకుంటారు. మధ్యలో ఒకరోజు తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టనక్కరలేదు, మర్నాడు కొనసాగించండి. దీపావళి తర్వాత మళ్ళీ తాగుతానంటే పాత కొలత మాత్రం పోసుకోకండి, అలవాటు తప్పిన ఒంటికి అది రెట్టింపుగా ఎక్కుతుంది.