వెల - వినికిడి

వస్తువు గుణాన్ని దాని వెలను బట్టి నిర్ణయించడం లోకంలో పరిపాటి. హెడ్‌ఫోన్ల విషయంలో ఈ కొలమానం అంతగా చెల్లదు. 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూశారు. మంద్ర, మధ్య, తార స్థాయుల ధ్వనులను అవి పలికించే తీరుకూ, వాటి ధరకూ సంబంధం కనిపించలేదు.

ఈ సందర్భంలో రెండింటిని పోల్చి చూడవచ్చు. సోనీ సంస్థ 1991లో విడుదల చేసిన ఎం.డి.ఆర్. 7506 సుమారు వంద డాలర్లకు లభించే సాధనం. రికార్డింగ్ స్టూడియోలలో అది దశాబ్దాల పాటు నమ్మకంగా సేవచేసింది. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 2009లో రూపొందించిన హెచ్.డి. 800 వెల అప్పట్లో సుమారు 1,400 డాలర్లు. వెలలోని అంతరం పద్నాలుగు రెట్లు. ధ్వనిలోని అంతరం అంత కాదు.

అయినా దానిని ధనికుల వేడుక అని కొట్టివేయడం న్యాయం కాదు. హెచ్.డి. 800లో ధ్వనిని పుట్టించే పొర ఉంగరం ఆకారంలో ఉండి, చెవికి కొంత వాలుగా అమరి ఉంటుంది. చెవి గిన్నెల వెలుపలి భాగం మూసి ఉండదు. అందువల్ల సంగీత కచేరీ వింటున్నప్పుడు గాత్రం, వయొలిన్, మృదంగం తమ తమ స్థానాల నుండి వినవస్తున్నట్లు తోస్తుంది. సోనీ సాధనంలో ఈ విశాలత లేదు. తారస్థాయి కొంత పదునుగా పలుకుతుంది. ధ్వనిముద్రణలోని లోపాలను పట్టుకోవడానికి ఆ పదును ఉపకరిస్తుంది గాని, గంటల తరబడి వినేవారికి అలసట కలిగిస్తుంది.

అయితే గిన్నెలు తెరచి ఉండడం బస్సులోనూ, వసతిగృహంలోనూ దోషమే. లోపలి పాట పక్కవారికి వినిపిస్తుంది. బయటి రొద లోపలికి వస్తుంది. రొదను జయించాలని శబ్దాన్ని పెంచేవారు తమ చెవులకే కీడు చేసుకుంటారు. లోపలి చెవిలో నశించిన రోమకణాలు తిరిగి మొలకెత్తవు. పైగా 300 ఓముల అవరోధం గల ఈ సాధనం పూర్తి సామర్థ్యంతో పలకాలంటే సాధారణంగా వేరే ఆంప్లిఫయర్ కావాలి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడితే ఎలా?

ఖరీదైన సాధనం తన ఆధిక్యాన్ని నిజంగా చాటుకునేది సుఖంలో. అది 330 గ్రాములు, సోనీ సాధనం 230 గ్రాములు. ఆశ్చర్యమేమంటే, బరువైనదే తలపై తేలికగా తోస్తుంది. దాని విశాలమైన మెత్తలు చెవిని తాకకుండా చుట్టూ ఆనుతాయి. సోనీవి పలుచని కృత్రిమ చర్మపు మెత్తలు. మన ఎండాకాలంలో చెమట పట్టక మానవు. కాలక్రమంలో వాటి పైపొర రాలిపోతుంది గాని, కొత్తవి చౌకగానే దొరుకుతాయి. వెల పెరిగినంత మాత్రాన సుఖం తథ్యమనీ అనలేము. ఆడెజ్ సంస్థ ఎల్.సి.డి. 4 వంటి అత్యంత ఖరీదైన సాధనాలు అరకిలోకు పైగా తూగుతాయి. మెడ ఎంతసేపు ఓర్చుకోగలదు?

కాబట్టి అంగడిలో ఒక్క పాట విని తృప్తిపడక, వీలైతే గంటసేపు ధరించి చూడాలి. కళ్లజోడు గలవారు దానితోనే పరీక్షించుకోవాలి. కళ్లజోడు కాడ మెత్తకూ చర్మానికీ నడుమ సందు చేస్తే, మూసి ఉన్న హెడ్‌ఫోన్లలో మృదంగపు మంద్రధ్వని ఆ సందులోంచే జారిపోతుంది.