చలాను డ్రైవరుకే, యాప్‌కు లేదా?

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక తమ్ముడు తన ఫోను మా ముందు పెట్టాడు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో అద్దె క్యాబు నడుపుకుంటున్న బిడ్డ. తెరమీద కూడలి కెమెరా తీసిన ఫొటో ఉంది. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చేతిలో చెవి దగ్గర ఫోను. కింద చలాను. ఆ కాల్ చేసిందెవరని అడిగాం. "పికప్ దగ్గర నిలబడ్డ కస్టమరే అన్నా, ఇంకా ఎంతసేపని. ఎత్తకపోతే రైడ్ క్యాన్సిల్, ఎత్తితే ఇది" అన్నాడు. మాకు తల వంగిపోయింది. అలా ఫోన్లు చేసినవాళ్లలో మేమూ ఉన్నాం కదా!

చట్టం ఏమంటోందో చూద్దాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ ఫోను చేత పట్టుకోవడం ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారి జరిమానా 1,000 నుంచి 5,000 రూపాయలు, జైలు శిక్షకూ వీలుంది. మూడేళ్లలోపు మళ్లీ పట్టుబడితే 10,000. 2020లో నిబంధనలు మార్చి, ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడవచ్చన్నారు. అంటే ఈ పనికి ఫోను తప్పదని ప్రభుత్వమే ఒప్పుకుంది.

మరి ఆ ఫోనులో వచ్చేది దారి ఒక్కటేనా? బండి కదులుతుండగానే తర్వాతి రైడ్ మోగుతుంది. కొన్ని సెకన్లలో నొక్కాలి. నొక్కకపోతే అది ఇంకొకరికి పోతుంది, ఇన్సెంటివ్ తగ్గుతుంది. కెమెరాకు చెయ్యి కనిపిస్తుంది గానీ ఆ చేతిని లాగినవాడు కనిపించడు. చలాను బండి ఓనరు పేరున వస్తుంది, ఓనరు దాన్ని డ్రైవరు లెక్కలో కోస్తాడు. యాప్ కంపెనీకి మాత్రం తన రాబడి తనకే.

"ముట్టుకోకుంటే సరి కదా, చట్టం అందరికీ ఒకటే" అంటారు కొందరు. ఫోను చూస్తూ నడిపితే ప్రాణాలు పోతాయి, నిజమే. చట్టాన్ని ఎత్తేయమని మేము అడగడం లేదు. కానీ మనకు ఫోను మోగితే అది ఎవరో ఒకరి పలకరింపు. అతనికి మోగితే అది ఆ పూట బియ్యం. ఆ రెండింటికీ ఒకే శిక్ష వేసి, మోగించినవాణ్ణి వదిలేయడం న్యాయం కాదు.

కర్ణాటకలో 2023 ఫిబ్రవరిలోనూ 2025 ఆగస్టులోనూ పాత చలాన్ల మీద 50 శాతం రాయితీ ఇచ్చారు. ఆషాఢంలో చీరల దుకాణం పెట్టే డిస్కౌంటు లాంటిదే ఇది. పేరుకుపోయిన బాకీ వసూలైంది గాని, బాకీ పుట్టిన చోటు అలాగే ఉంది.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. బండి ఎంత వేగంతో పోతోందో యాప్‌కు తెలుసు. కదులుతున్న బండికి కొత్త రైడ్ చూపించకూడదని, నొక్కనందుకు నష్టం చెయ్యకూడదని షరతు పెట్టాలి. 93వ సెక్షన్ కింద ఈ కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే కనుక ఆ షరతూ లైసెన్సులోనే రాయవచ్చు. యాప్ మోగిన క్షణమూ కెమెరా ఫొటో తీసిన క్షణమూ ఒకటైతే జరిమానాలో కంపెనీ కూడా వాటా కట్టాలి. గిగ్ కార్మికుల కోసం 2025లో చట్టం తెచ్చి, కంపెనీల నుంచి 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము రాబట్టే ఏర్పాటు చేసిన కర్ణాటక ఈ అడుగు కూడా వేయగలదు.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఊరకుండాలా? యువతీ యువకులారా, క్యాబు బుక్ చేశాక ఫోన్ చెయ్యకండి. గుర్తు పట్టే చోటు రాసి అక్కడే నిలబడండి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే రేటింగ్ కొయ్యకండి. మీలో ఆన్‌లైన్ పనులు తెలిసినవాళ్లు ఆదివారం ఒక గంట కూర్చుని మన డ్రైవరు అన్నల చలాన్లు చూసిపెట్టండి. తప్పుగా పడినవాటి మీద అభ్యంతరం రాసివ్వండి.

మోషే ధర్మశాస్త్రం పేదవాడి తిరగలిని తాకట్టుగా తీసుకోవద్దంది. తిరగలి పోతే ఆ ఇంట్లో పిండి ఉండదు. ఈనాటి డ్రైవరుకు తిరగలి ఆ ఫోనే. దానితోనే అతన్ని పరుగెత్తించి, దాన్ని పట్టుకున్నందుకే అతని కూలి లాక్కుంటుంటే సంఘం చూస్తూ కూర్చోకూడదు.