మెరిసే కోటు తొడిగితే శిక్షణ ఇచ్చినట్టేనా?



మన షోలాపూర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పూణె నుంచి హైదరాబాదు, విజయవాడ దాటి మచిలీపట్నం చేరుతుంది. పెళ్లికీ చావుకీ మన ఊళ్లకు పోయే దారి అదే. ఆ దారిలో గుంతలు పూడ్చేవాళ్లను బస్సు కిటికీలోంచి చూస్తూ పోతాం. మిల్లు మూతపడితే మన పిల్లలు రేపు నిలబడేది వాళ్ల పక్కనే. అందుకే ఈ విషయం మనది కూడా.

రోడ్డు పనివాడు బండి కింద పడి చస్తే, "వాడికి జాగ్రత్త తెలియదు, శిక్షణ లేదు" అంటారు. అయ్యా, శిక్షణ లేనివాణ్ణి తెచ్చి రోడ్డు మీద నిలబెట్టిందెవరు?

లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అది ఆగడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసిన లెక్క 180 మీటర్లు. పని జరిగే చోటుకు ముందు హెచ్చరిక, దారి మళ్లింపు, పనిచోటు, ముగింపు అని నాలుగు భాగాలుండాలని చెప్పిందీ ఆ సంస్థే. మరి నాలుగు రాళ్లు పేర్చి, వాటి పక్కనే ఎర్రగుడ్డ ఇచ్చి మనిషిని నిలబెట్టడం ఏ పుస్తకంలో ఉంది? 150 డిగ్రీల దరిదాపుల్లో కాగే తారు దగ్గర చెప్పులతో పని చేయించడం ఏ పాఠంలో ఉంది?

హైవే ఇంజనీర్లకు 1983 నుంచి శిక్షణ సంస్థ ఉంది. ఉండాలి, కాదనం. కాని పుస్తకం ఒకరికి, ప్రమాదం ఇంకొకరికా?

2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. పని తెలిసినవాణ్ణి పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అందులో ఉంది. మంచిదే. కాని సర్టిఫికెట్ వచ్చాక కూలి ఒక్క రూపాయి పెరగకపోతే ఆ కాగితం ఎవరికి పనికొచ్చినట్టు? కంట్రాక్టరు ఫైలుకు!

శిక్షణ పేరుతో జరిగే ఆట మనకు తెలుసు. 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గాని కార్మికుడు కాడు. ఆ మాట అడ్డం పెట్టుకుని మగ్గం మీద పూర్తి పని చేయించి స్టైపెండుతో సరిపెట్టడం మనకు కొత్తా? రోడ్డు మీదికి అది రానివ్వకూడదు.

"కంట్రాక్టు మనుషులు రోజూ మారతారు, ఎవరికని నేర్పుతాం?" అంటారు. మార్చేది మీరే కదా! 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో కూడా కంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని ఉంది. కూలికి బాధ్యుడైనవాడు ప్రాణానికి బాధ్యుడు కాడా?

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. శిక్షణ రోజులకు పూర్తి కూలి ఇవ్వాలి.
2. శిక్షణ కార్మికుని భాషలో, పనిచోటులోనే జరగాలి.
3. సర్టిఫికెట్ వచ్చిన రోజు నుంచే కూలి పెరగాలి.
4. హెచ్చరిక బోర్డులు లేనిచోట పని ఆపే హక్కు కార్మికునికి ఉండాలి.

మిల్లు కార్మికుడు, రోడ్డు కార్మికుడు వేరు కాదు. ఈ డిమాండ్లను రేపటి గేటు మీటింగుల్లో చదవండి, చర్చించండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!