ఎడమకాలు పాఠం

మా రఘునాథపల్లిలో సాయంత్రంపూట పిల్లలు ఫుట్‌బాలు ఆడుతూంటే చూస్తూ కూర్చోవడం నాకో అలవాటు. మొన్న ఒక కుర్రవాడు నా పక్కకు వచ్చి, మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బును నిలబెట్టిన మాట్ బస్బీ కథంతా ఏకరువు పెట్టాడు. చివరికి, "మనదిక్కు అసొంటోళ్లు ఎవ్వరు లేరా, సార్?" అన్నాడు.

బస్బీ గొప్పవాడే, కాదనను. స్కాట్లండు బొగ్గుగనుల ఊళ్లో పుట్టి, మాంచెస్టర్ సిటీకీ లివర్‌పూలుకూ ఆడి, 1945లో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరయ్యాడు. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఆయన ఆటగాళ్లు ఎనిమిదిమంది పోయారు. చావు తప్పించుకున్న బస్బీ మళ్లీ జట్టు కట్టి, 1968లో యూరోపియన్ కప్పు గెలిచాడు.

ఆయన పుట్టింది 1909లో. సరిగ్గా అదే ఏడాది పుట్టినవాడు మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. ఈయనా ఆడినవాడే, బడిలో చదువు చెప్పిన పంతులు కూడాను. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బాధ్యత ఈయన చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా, వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు మరొకరి చేతికి పోలేదు!

దేశపు జట్టుకూ ఈయనే గురువు. 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 చావుదెబ్బ. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడేవారు మరి! పంతులు బెదరలేదు. 1956లో మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలుకు చేర్చాడు. ఆసియాలో అంతకుముందు ఆ మెట్టు ఎక్కిన జట్టు లేదు.

ఇదంతా మంత్రం కాదు, పాఠం. బలంలేని కాలితోనే తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపేవాడు. బంతిని అట్టేపెట్టుకోకుండా తాకీ తాకగానే తోటివాడికి అందించాలని మరో నియమం. గెలుపు ఒక్కడిది కాదని నేర్పడానికి ఇంతకన్న ఏం కావాలి?

1962 జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణకొరియా మనల్ని 2-0తో ఓడించింది. తలకు దెబ్బతగిలి కుట్లు పడ్డ వెనకవరస ఆటగాడు జర్నైల్ సింగును రహీం ముందువరసకు పంపాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే మరో గోలు! 2-1తో బంగారం మనది.

ఏడాది తిరక్కముందే, 1963 జూన్ 11న కాన్సరు రహీంను తీసుకుపోయింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్లీ బంగారం రాలేదు. బస్బీకి ప్రమాదం తరువాత పదేళ్లు దొరికాయి; రహీంకు పదినెలలైనా దొరకలేదు. పంతులు పోయినా పాఠం మిగలాలి గదా! దాన్ని అప్పచెప్పించుకునేవారు కరువైనారు.

కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. "ఏదీ, ఎడమకాలితో తన్ను" అన్నాను. బంతి వంకరగా పోయి తుమ్మపొదలో పడింది. పిల్లలంతా పకపక నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. పొదలోంచి బంతి తెచ్చి, మళ్లీ ఎడమకాలి ముందే పెట్టుకున్నాడు.