బఫర్‌లో పాసైతే చాలదు.. రక్తంలో నెగ్గాలి!

మా ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూ రోజు అది. చిన్న గొట్టంలో నానో బంగారం ద్రావణం. మార్కర్ ప్రోటీన్ కలపగానే ఎర్రగా ఉన్నది నీలంగా మారింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడమ్ మాత్రం ఒక్కటే అడిగారు: ‘బాబూ, రక్తంలో చేసి చూశారా?’

చూడలేదు. బఫర్‌లో, అంటే కొలిచి లవణాలు కలిపిన శుభ్రమైన నీళ్లలో మాత్రమే చేశాం. రిపోర్టు అట్ట మీద మాత్రం ‘రక్తంలో క్యాన్సర్ గుర్తింపు’ అని దర్జాగా వేసుకున్నాం. బయోసెన్సర్ల వైపు రావాలనుకుంటున్న మీకు ఇప్పుడు ఆ ప్రశ్నే అప్పగిస్తున్నా.

సూత్రం తేలికే. సెన్సర్ మీద యాంటీబాడీలను అతికిస్తారు. క్యాన్సర్ సూచించే ప్రోటీన్ వచ్చి వాటికి చిక్కితే గ్రాఫీన్‌లో కరెంటు మారుతుంది, లేదా బంగారు రేణువుల రంగు మారుతుంది. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌లో ఎర్రగీత చాలావరకు ఈ నానో బంగారం చలవే.

మరి క్యాన్సర్ దగ్గరే ఎందుకింత కష్టం? ప్రొస్టేట్ పరీక్షలో పీఎస్ఏ మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే సాధారణంగా డాక్టర్లు ఆరా తీస్తారు. అదే మిల్లీలీటరు సీరంలో అల్బుమిన్ సుమారు 40 మిల్లీగ్రాములు. అంటే కోటి రెట్లు! అది వచ్చి సెన్సర్‌ని కప్పేస్తుంది. పైగా రక్తంలోని లవణాలు ఛార్జి ప్రభావాన్ని ఒక నానోమీటరు లోపే అణిచేస్తాయి. యాంటీబాడీ సైజేమో సుమారు 10 నానోమీటర్లు. ఇక గ్రాఫీన్‌కి సిగ్నల్ అందేదెలా?

సరే, అందిందనే అనుకుందాం. 1,000 మందిలో 10 మందికి క్యాన్సర్ ఉంటే మీ సెన్సర్ 9 మందిని పట్టింది. భేష్! జబ్బు లేని 990 మందిలో పది శాతం, అంటే 99 మందికి కూడా పాజిటివ్ చూపించింది. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజమైనవి తొమ్మిదే. మిగతా 99 ఇళ్లలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. స్కాన్లు, బయాప్సీలు, అప్పులు.. అన్నీ మన గ్రాఫ్ వెనకే వస్తాయి. పీఎస్ఏ కూడా క్యాన్సర్ లేకుండానే, గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ సోకినా పెరుగుతుంది.

వేలి కొస రక్తంతో వందల పరీక్షలన్న అమెరికా కంపెనీ థెరానోస్ 2018లో మూతపడింది. దాన్ని పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ ఇన్వెస్టర్లను మోసగించిన కేసులో 2022లో దోషిగా తేలారు. అట్ట మీద పేరుకూ లోపలి పనికీ పొంతన లేకపోతే ఎక్కడిదాకా వెళ్తుందో చూశారుగా!

భయపెట్టడానికి చెప్పట్లేదు. మీకు పని ఉన్నదే ఇక్కడ. ఈసీఈ వాళ్లయితే నాయిస్‌లోంచి సిగ్నల్ తీసే సర్క్యూట్ల మీద పట్టు పెంచండి. కెమికల్, బయోటెక్ వాళ్లు ప్రోటీన్లు అంటని పూతలు నేర్చుకోండి. బ్రాంచి ఏదైనా సరే స్టాటిస్టిక్స్ వదలొద్దు. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు ఒకసారి చదవండి. గేట్‌లో బయోమెడికల్ పేపర్ 2020 నుంచే ఉంది. కాలేజీలో ల్యాబ్ లేదంటారా? బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే నానో ల్యాబులను బయటి పరిశోధకులూ వాడుకునేందుకు ఐఎన్‌యూపీ అనే కేంద్ర కార్యక్రమం ఉంది. మన విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. వాకబు చేయండి.

ప్రాజెక్టు చేస్తుంటే మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతితో సీరం శాంపిల్స్ మీద కూడా చేసి చూడండి. పనిచేయకపోతే అదే రాయండి, ఎందుకు చేయలేదో కూడా రాయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీ దగ్గర అంతకంటే గట్టి సంగతి ఉండదు. ఆ రోజు మేడమ్ ముందు మా దగ్గర లేనిది అదే.